ఉగ్గు గిన్నె లెక్క

మొన్న జూన్‌లో మా అమ్మకు బరువు తగ్గించే ఆపరేషన్ జరిగింది. చుట్టాలకు మాత్రం గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు అని చెప్పాం. ఈసారి గోడపత్రికకు ఏదైనా పనికొచ్చే పాఠంలాంటి వ్యాసం రాయమని మేడమ్ అన్నప్పుడు, ఈ విషయం రాయనా అని అమ్మను అడిగాను. కుట్టుమిషన్ ఆపి కాసేపు ఆలోచించింది. "రాయి. కానీ నువ్వు చేసిన తప్పు కూడా రాయాల" అంది. అందుకని రెండూ రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను బి.ఏ. రెండో సంవత్సరం అమ్మాయిని, డాక్టర్ని కాను. ఇందులోని లెక్కలు అమ్మకు ఇచ్చిన చీటీ నుంచి, నా నోటుబుక్కు నుంచి తీసినవి. నోటుబుక్కును మా డైటీషియన్ మేడమ్‌కు చూపించి దిద్దించుకున్నాను. ఒక్కో ఆసుపత్రి పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఈ లెక్కలే మారిపోతాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే వాళ్ళ డాక్టరు మాటే మాట.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు

అమ్మకు నలభై ఆరేళ్ళు. బరువు 112 కిలోలు ఉండేది. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పితో మిషన్ తొక్కడం కష్టమై మోటారు పెట్టించుకుంది. "తక్కువ తింటే తగ్గదా" అని అందరూ అనేవాళ్ళు. తక్కువే తినేది. రెండు సార్లు పది కిలోలు తగ్గింది, రెండు సార్లూ తగ్గినదానికన్నా ఎక్కువే పెరిగింది. అప్పుడు డాక్టరు ఈ దారి చెప్పారు.

ఈ ఆపరేషన్లలో ఎక్కువగా చేసేవి రెండు. ఒకటి స్లీవ్. ఇందులో జీర్ణకోశాన్ని నిలువుగా కోసి ముప్పావు భాగం పైనే తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నని గొట్టం. రెండోది బైపాస్. ఇందులో జీర్ణకోశం పైభాగాన చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఆ సంచిలో పట్టేది మొదట్లో సుమారు 30 మి.లీ., అంటే రెండు పెద్ద చెంచాలు. అమ్మకు చేసింది స్లీవ్.

మనం కడుపునిండా తిన్నప్పుడు జీర్ణకోశం సాగి ఒక లీటరు, అంతకన్నా ఎక్కువ కూడా పడుతుంది. స్లీవ్ తర్వాత పట్టేది సుమారు 100 నుంచి 150 మి.లీ. మొదటి వారాల్లో లోపల వాపు ఉంటుంది గనక అంత కూడా పట్టదు. ఇంకో సంగతి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది జీర్ణకోశం పైభాగంలో. స్లీవ్‌లో ఆ భాగం పోతుంది. కాబట్టి చాలామందికి కొన్నాళ్ళు ఆకలే ఉండదు. అమ్మకు దాహం కూడా తెలిసేది కాదు.

ఇక్కడే చిక్కు. కడుపు చిన్నదైంది, ఆకలి లేదు. కానీ ఒంటికి కావలసిన నీళ్ళు, ప్రోటీన్ తగ్గవు. నీళ్ళు రోజుకు కనీసం ఒకటిన్నర లీటరు లోపలికి పోవాలి, కుదిరితే రెండు లీటర్లు. ప్రోటీన్ కనీసం 60 గ్రాములు, సాధారణంగా 60 నుంచి 80 మధ్య. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 55 కిలోల ఆరోగ్యమైన మహిళకు రోజుకు సుమారు 46 గ్రాముల ప్రోటీన్ చాలు. అంటే ఆపరేషన్ అయినామెకు మనకన్నా ఎక్కువ కావాలి. కడుపు చూస్తే మనదాంట్లో పదో వంతు.

నీళ్ళ విషయంలో నాకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. మనకు రోజూ అందే నీటిలో సుమారు ఐదో వంతు తిండి నుంచే వస్తుంది. అన్నంలో, చారులో, పెరుగులో, కూరల్లో, పండ్లలో ఉండే నీరు అది. ఆపరేషన్ అయినవాళ్ళకు ఆ దారి మూసుకుపోతుంది. ఇక తాగేదే ఆధారం.

నా అనువాదం

మా ఇంట్లో నాన్నతో కన్నడం, అవ్వతో తెలుగు. అవ్వ అమ్మకు అమ్మ. మదనపల్లె పక్క నుంచి పెళ్ళయి బెంగళూరికి వచ్చి యాభై ఏళ్ళు దాటింది. కన్నడం గడగడా మాట్లాడుతుంది గానీ చదవగలిగేది తెలుగే. ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ ఒక పక్క ఇంగ్లీషులో, ఇంకో పక్క కన్నడంలో ఉంది. పగలు నాన్న డ్యూటీకి, నేను కాలేజీకి పోతే అమ్మను చూసుకునేది అవ్వ. కాబట్టి చీటీని తెలుగులో రాయాల్సింది నేను. తెలుగు సాహిత్యం చదువుతున్నానుగా, ఇదెంత అనుకున్నాను.

చీటీలో గంటకు 100 నుంచి 120 మి.లీ. చొప్పున సిప్ చేయాలని ఉంది. నేను ఇలా రాశాను: "ప్రతి గంటకూ అర గ్లాసు నీళ్ళు తాగాలి." పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. చూడడానికి చాలా బాగుంది.

అవ్వ దాన్ని అక్షరం తప్పకుండా పాటించింది. గడియారం గంట కొట్టగానే అర గ్లాసు నీళ్ళతో అమ్మ మంచం దగ్గర నిలబడేది. "తాగు పాపా, రాసి ఉండాది" అనేది. అమ్మ మూడు గుక్కల్లో తాగేసేది. వెంటనే రొమ్ములో పట్టేసినట్టు నొప్పి, నోట్లో జొల్లు ఊరడం, వాంతి. ఆపరేషన్ అయిన ఆరో రోజు ఇలా నాలుగు సార్లయింది. ఐదోసారి అమ్మ గ్లాసును చూసి మొహం తిప్పుకుంది. ఆ రాత్రి, మరుసటి రోజంతా భయపడి దాదాపు ఏమీ తాగలేదు. మాకేమో "తాగినాలే" అని చెప్పింది.

ఏడో రోజు సాయంత్రం నేను వచ్చేసరికి అమ్మ బాత్రూమ్ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంది. నాలుక ఎండిపోయి మాట అంటుకుపోతోంది. పొద్దుటినుంచి ఒక్కసారే మూత్రం వచ్చిందట, అదీ డికాక్షన్ రంగులో. ఆసుపత్రికి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. పరీక్షలు చేసి, కుట్లు బాగానే ఉన్నాయి, లోపల లీకు ఏమీ లేదు, ఒంట్లో నీళ్ళు తగ్గాయి అన్నారు. ఆ రాత్రంతా సెలైన్ ఎక్కించారు. బీపీ మాత్రల్లో ఒకటి నీళ్ళను మూత్రంగా బయటికి పంపే రకమట, దాన్ని కూడా ఆపించారు. ఈ ఆపరేషన్ అయ్యాక షుగర్, బీపీ మందుల మోతాదు మళ్ళీ చూపించుకోవాలని, పాత చీటీ ప్రకారం వేసుకుంటూ పోకూడదని అప్పుడే తెలిసింది.

రాత్రి డ్యూటీ సిస్టర్ నా తెలుగు చీటీలో ఏం రాశానో అడిగింది. చెప్పాను. ఆమె తల కొట్టుకుని, "అర్ధ గ్లాసు ఒందే సల అల్లమ్మా, గుటుకు గుటుకాగి కుడీబేకు" అంది. ఒకేసారి కాదు, గుటుకు గుటుకుగా తాగాలి అని.

పక్కన కూర్చున్న అవ్వ అది విని నా వైపు తిరిగింది. "అంటే ఉగ్గు పట్టినట్ల పట్టాలని కదే! ఆ ఒక్క మాట రాసుంటే నాకు తెలియకపోయేదా?"

నాకు నోట మాట రాలేదు. సిప్‌కు నేను "తాగడం" అని రాసి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆలోచించాను. గుక్క అంటే నోటినిండా పట్టేది, ఒక్క గుక్కలో తాగేశాడు అంటాం. గుటక అంటే మింగడం. చప్పరించడం అంటే చింతపండో బిళ్ళో గుర్తొస్తుంది. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి, లోపలికి పోయిందో లేదో చూసి మళ్ళీ పట్టడానికి మన ఇళ్ళల్లో ఉన్న మాట ఉగ్గు పట్టడమే. పసిబిడ్డకు అట్లే కదా పడతారు. ఆ ముక్కున్న చిన్న గిన్నె మనకు ఉగ్గు గిన్నె, కన్నడంలో ఒళలె, తమిళంలో పాలాడై. వస్తువు ఒకటే, మూడు భాషల ఇళ్ళల్లోనూ ఉంది. నా నిఘంటువులో వెతికితే దొరకని మాట అవ్వ బీరువాలో ఉంది.

నూరు గిన్నెలు

మరుసటి రోజు ఇంటికి రాగానే అవ్వ బీరువా తెరిచి నాకు పట్టిన వెండి ఉగ్గు గిన్నె బయటికి తీసింది. నేను సూది లేని సిరంజితో కొలిచాను. అంచు వరకు కాకుండా పోస్తే 15 మి.లీ. పట్టింది. అప్పుడు లెక్క తేలిపోయింది.

ఒకటిన్నర లీటరు అంటే 1500 మి.లీ. గిన్నెకు 15 చొప్పున నూరు గిన్నెలు. అమ్మ మేలుకుని ఉండేది పదహారు గంటలు, అంటే 960 నిమిషాలు. పది నిమిషాలకొక గిన్నె పడితే 96 గిన్నెలు. మధ్యలో మాత్రలకు తాగేది కలిపితే నూరు పూర్తి. గ్లాసుతో కొండలా కనిపించిన ఒకటిన్నర లీటరు, గిన్నెతో చూస్తే పది నిమిషాలకు ఒక చిన్న పని.

ఆ 15 మి.లీ. కూడా ఒక్కసారి పోయకూడదు. రెండు మూడు సార్లుగా పట్టాలి. అవ్వ గోడ మీది క్యాలెండర్ వెనక్కి తిప్పి గిన్నెకొక గీత గీసేది. ఐదు గీతలకు ఒక అడ్డగీత, చాకలి పద్దులాగా. సాయంత్రానికి గీతలు యాభై కన్నా తక్కువుంటే నాకు ఫోన్ చేసేది.

పది రోజులకు వాపు తగ్గి అమ్మ చిన్న స్టీలు గ్లాసుకు మారింది. గిన్నె పోయినా పద్ధతి పోలేదు. పక్కనే సీసా, గంటకు 100 నుంచి 120 మి.లీ., కుడుతూ మధ్య మధ్య కొంచెం. మాకు చెప్పిన ఇంకొన్ని జాగ్రత్తలు ఇవి. స్ట్రా వాడకూడదు, గాలి కూడా లోపలికి పోతుంది. సోడా, కూల్‌డ్రింక్ వద్దు. మొదటి వారాల్లో కాఫీ, టీ వద్దు. బాగా చల్లనివి కొందరికి పట్టేస్తాయి, గోరువెచ్చనివి సులభంగా దిగుతాయి. పానకం, చక్కెర వేసిన జ్యూస్ వద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్ళకు తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. దీన్ని డంపింగ్ అంటారు.

నీళ్ళు చాలాయో లేదో తెలుసుకోవడానికి దాహాన్ని నమ్మకూడదు, మూత్రం రంగును చూడాలి. నిమ్మరసం కలిపిన నీళ్ళలా లేతగా ఉంటే సరే. ముదురు పసుపు అయితే గీతలు తక్కువున్నాయని అర్థం.

మాంసకృత్తులు అంటే మాంసం కాదు

నా చీటీలో రెండో తప్పు కూడా ఉంది. ప్రోటీన్ అని ఉన్నచోట పాఠ్యపుస్తకాల్లో మాదిరి "మాంసకృత్తులు" అని రాశాను. అది చదివి అవ్వ ఆ వరసను పూర్తిగా వదిలేసింది. తర్వాత అడిగితే, "మనింట్లో మాంసం ఎప్పుడు వండినాం? అది తినేవాళ్ళకు రాసింది అనుకున్నా" అంది. మాంసకృత్తు అంటే కండను చేసేది అని క్లాసులో వివరించగలను, వంటింట్లో మాత్రం ఆ మాట పనిచేయలేదు. ఇప్పుడు "ప్రోటీన్, అంటే కండ కట్టే సత్తువ. పాలు, పెరుగు, పప్పులు, పనీర్" అని రాశాను.

మాంసం కాదు గనక అవ్వ ఏం పెట్టిందంటే, బలమని రాగి అంబలి, గంజి, పప్పు మీద తేరిన కట్టు, పల్చటి మజ్జిగ. అన్నీ మంచివే, అన్నీ ప్రేమతో చేసినవే. కానీ నేను నోటుబుక్కులో కూడితే రోజు మొత్తానికి ప్రోటీన్ 10 గ్రాములు దాటలేదు. వంద గ్రాముల రాగిపిండిలో ఉండేదే సుమారు 7 గ్రాములు, అంబలిలో పడేది రెండు చెంచాల పిండి. పప్పులో ప్రోటీన్ పప్పు బద్దలోనే ఉంటుంది, పైన తేరిన కట్టులోకి వచ్చేది చాలా తక్కువ. గ్లాసెడు టెంకాయ నీళ్ళలో ఒక గ్రాము కూడా కష్టమే. బలం వేరు, ప్రోటీన్ వేరు అని ఆ రోజు తెలుసుకున్నాను.

ఎందుకింత పట్టింపు? మొదటి వారాల్లో ఒంటికి అందే తిండి చాలా తక్కువ. అప్పుడు శరీరం దాచుకున్న కొవ్వును ఖర్చు పెడుతుంది, మనకు కావలసిందే అది. కానీ ప్రోటీన్ బయటి నుంచి రాకపోతే కండను కూడా కరిగించుకుంటుంది. తూకంలో బరువు తగ్గినట్టే కనిపిస్తుంది. మెట్లెక్కితే కాళ్ళలో శక్తి ఉండదు. కోసిన చోటు మానడానికి, రోగాన్ని తట్టుకోవడానికి కూడా ప్రోటీనే కావాలి. మరీ తగ్గితే కాళ్ళకు నీరు పడుతుంది.

ద్రవాలు మాత్రమే తాగే మొదటి రెండు వారాలకు డైటీషియన్ మేడమ్ సరిచేసిన అమ్మ పట్టిక ఇది:

టోన్డ్ పాలు 500 మి.లీ.: సుమారు 16 గ్రా.
ఆ పాలల్లోనే కలిపిన వెన్న తీసిన పాలపొడి 30 గ్రా.: సుమారు 10 గ్రా.
వే ప్రోటీన్ పొడి ఒకటిన్నర కొలత, 300 మి.లీ. నీళ్ళలో: సుమారు 36 గ్రా.
100 గ్రా. పెరుగుతో చేసిన మజ్జిగ 200 మి.లీ.: సుమారు 3 గ్రా.

మొత్తం 65 గ్రాములు. ఇవన్నీ ద్రవాలే గనక నీళ్ళ లెక్కలోకి కూడా వస్తాయి. ఇక్కడికే ఒక లీటరు అయింది. మిగిలిన అర లీటరు నీళ్ళు, వడకట్టిన చారు. రెండు లెక్కలూ ఒకే గిన్నెతో తీరిపోయాయి.

వే పొడి డబ్బా చూసి అవ్వ మొదట ఒప్పుకోలేదు. జిమ్‌కు పోయే పిల్లగాళ్ళు తాగేది మన పాపకెందుకు అంది. పాలు విరిగినప్పుడు పైకి తేలే నీళ్ళు ఉంటాయి కదా, ఆ నీళ్ళలోని ప్రోటీన్‌ను ఎండబెట్టి పొడి చేస్తారు అని చెప్పాను. "ఓహో, విరిగిన పాల నీళ్ళేనా" అని తనే కలపడం మొదలుపెట్టింది. డబ్బాలు రకరకాలుగా ఉంటాయి గనక ఒక కొలతకు ఎన్ని గ్రాముల ప్రోటీనో, చక్కెర కలిపారో లేదో డబ్బా వెనక చదవాలి. పాలు పడనివాళ్ళకు సోయా రకం కూడా ఉంది, అది డాక్టరును అడిగి తీసుకోవాలి.

తర్వాతి రెండు వారాలు మెత్తగా మెదిపినవి, ఆ తర్వాత మెత్తటి తిండి. మామూలు తిండికి రావడానికి అమ్మకు దాదాపు రెండు నెలలు పట్టింది. అప్పుడు ఉపయోగపడిన లెక్కలు: 50 గ్రాముల పనీర్‌లో సుమారు 9 గ్రాములు, 30 గ్రాముల పెసరపప్పు గట్టిగా వండితే 7, 20 గ్రాముల ఎండు సోయా ముక్కల్లో 10. తినేవాళ్ళకైతే ఒక కోడిగుడ్డులో 6, వంద గ్రాముల చేపలో సుమారు 20.

వరస మారింది

మన కంచంలో ముందు అన్నం, దాని చుట్టూ మిగతావి. అమ్మ కంచంలో ఇప్పుడు ముందు ప్రోటీన్. పనీరో గట్టి పప్పో ముందు తినాలి, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం. అన్నంతో మొదలుపెడితే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, పప్పుకు చోటుండదు. "అన్నం లేకుండా అదేం ఊట" అని నాన్న ఇప్పటికీ అంటాడు.

గట్టి తిండి మొదలయ్యాక ఇంకో నియమం. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. చిన్న గొట్టంలో రెండింటికీ చోటు లేదు. మా ఇంట్లో కంచం పక్కన చెంబు పెట్టకుండా వడ్డించడం అవ్వకు అపచారంలా అనిపించింది. చివరికి చెంబును వంటింటి గట్టు మీద పెట్టి, అరగంట తర్వాత తనే తెచ్చి ఇస్తోంది.

చిన్న చెంచా, చిన్న ముద్ద, బాగా నమలడం. ఎక్కిళ్ళు రావడం, ముక్కు కారడం, రొమ్ములో బిగుతు, ఇవి చాలు అనడానికి గుర్తులు. ఇంకొక్క ముద్ద అని బలవంతం చేయకూడదు. బిస్కెట్లు, మిక్చర్, బొరుగులు సులభంగా జారిపోతాయి, ఎన్నైనా పోతాయి, వాటిలో ప్రోటీన్ మాత్రం ఉండదు. విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి ముఖ్యం. కాల్షియం, ఐరన్ మాత్రల మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

ఎప్పుడు ఆగకూడదు

మేము ఒక రోజంతా ఆగాం, ఆగకూడదు. తాగింది తాగినట్టు వాంతి అవుతుంటే, మూత్రం బాగా తగ్గిపోతే, నిలబడితే కళ్ళు తిరుగుతుంటే అదే రోజు ఫోన్ చేయాలి. జ్వరం, గుండె వేగంగా కొట్టుకోవడం, కడుపులో గాని ఎడమ భుజంలో గాని తీవ్రమైన నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే ఫోన్ కూడా కాదు, నేరుగా ఆసుపత్రికే. అది లోపల కుట్టు దగ్గర లీకు కావచ్చు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కావచ్చు.

వాంతులు రోజుల తరబడి ఉంటే ఇంకో ప్రమాదం ఉంది, విటమిన్ బి1. మన ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. అది అయిపోతే కాళ్ళు తిమ్మిర్లు, నడకలో తూలడం, చూపు రెండుగా కనిపించడం, మతిమరుపు రావచ్చు. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం తిరిగి పూడకపోవచ్చు. ఇది కొత్త జబ్బు కాదు, పేరు బెరిబెరి. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ఆధారంగా బతికినవాళ్ళకు పూర్వం వచ్చేది. నేను పైన చెప్పిన హైదరాబాదు పోషకాహార సంస్థ పుట్టింది కూడా దీనికోసమే. 1918లో తమిళనాడు కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు వచ్చింది. నూరేళ్ళ కిందటి తిండిలేని జబ్బు, ఇప్పుడు బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత కూడా రావచ్చంటే నాకు ఆశ్చర్యమేసింది.

ఇప్పుడు

నాలుగు నెలలయింది. అమ్మ 27 కిలోలు తగ్గింది. షుగర్ మాత్రలు రెండు నుంచి ఒకటికి వచ్చాయి. జుట్టు మాత్రం రాలుతోంది. బరువు వేగంగా తగ్గినప్పుడు మూడో నెల నుంచి ఆరో నెల వరకు ఇది మామూలేనని, ప్రోటీన్, ఐరన్ సరిగా అందితే చాలావరకు తిరిగి వస్తుందని డాక్టరు చెప్పారు. అయినా దువ్వెన చూసుకుని అమ్మ దిగులు పడుతుంది. ఆ రోజు పనీర్ ఒక ముక్క ఎక్కువ తింటుంది.

పాత చీటీని చింపి కొత్తది రాశాను. ఈసారి రాసి అంటించి ఊరుకోలేదు. అవ్వ చేత చదివించి, "ఇప్పుడు ఏం చేస్తావో నాకు చెప్పు" అని అడిగాను. ఆమె చెప్పినదాంట్లో తేడా వచ్చినచోటల్లా మాట మార్చాను. మూడు మాటలు మారాయి. మనలో చాలామంది ఇళ్ళల్లో ఆసుపత్రి చీటీలు చదివి పెట్టేది మనమే కదా, ఇంగ్లీషు నుంచో కన్నడం నుంచో. చదివి పెట్టాక ఈ ఒక్క ప్రశ్న అడగండి. నేను ముందే అడిగుంటే అమ్మకు ఆ రాత్రి సెలైన్ ఎక్కించాల్సి వచ్చేది కాదు.

ఉగ్గు గిన్నెను అవ్వ మళ్ళీ తోమి బీరువాలో పెట్టింది. గీతల క్యాలెండర్ కాగితాన్ని మాత్రం పారేయలేదు. దాని మీద పైన నా చేతిరాత కాదు, అవ్వ చేతిరాతే ఉంది: "పది నిమిషాలకు ఒక ఉగ్గు."